గాలిగుడ్డలు ఉతికిన నీళ్ళు

డిసెంబరు 26. పలకల గని. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 61.

తప్పు లెక్కపెట్టానేమోనని మూడుసార్లు చూశాను. అరవై ఒకటే. పోయినేడు ఇదే గట్టు మీద, ఇదే కర్రకు కట్టిన బిళ్ళ మీద ఆరు పడ్డాయి. నిన్న బస్సులు ఆగగానే అందరూ చాపలు పరుచుకుని, హమ్మయ్య అని కాళ్ళు చాపుకున్నారు. ఇప్పుడు నేను వెళ్ళి ఆ చాపలు చుట్టమని చెప్పాలి. నా ఉద్యోగంలో నాకు నచ్చని ముక్క ఇదే.

ఉద్యోగం అంటే బిడారుకు మజిలీలు చూడటం. గాజుబిళ్ళకు పల్చగా వేజలైన్ రాసి, మనిషి ముక్కు ఎత్తులో కర్రకు కట్టి, తెల్లారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా గాలికి వదిలేస్తాను. ఆ తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టి పుప్పొడి రేణువులు లెక్కపెడతాను. ఇరవై లోపు వస్తే ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. ఇరవై దాటితే తలుపులు బిగించుకుని కొన్నాళ్ళు గడపొచ్చు. యాభై దాటితే బయల్దేరాల్సిందే. పదిహేనేళ్ళుగా ఇదే పని. పుస్తకాలు నాలుగు నిండాయి, ఇది ఐదోది.

మాది తొమ్మిది ఇంటిబస్సుల బిడారు. ముప్పై ఒక్క మందిమి, అందరిదీ ఒకే జబ్బు. దగ్గుచెట్టు పూసే నాలుగు నెలలూ ఊళ్ళో ఉంటే ఊపిరాడదు. కాగితాల్లో దాని పేరు హరితఛత్రం. ఎండలకు జనం రాలిపోయిన ఏళ్ళలో ఊరూరా నాటారు. రాతి నేలలో బతుకుతుంది, ఉప్పు నేలలో బతుకుతుంది, నాటిన ఏడాదికే నీడ ఇస్తుంది. ఒక్కో చెట్టుకు ఒక్కో నంబరు బిళ్ళ. కొమ్మ విరిస్తే కేసు. దాని నీడన బతికిన వాళ్ళను నేనేమీ అనలేను, మా అమ్మ కూడా ఆ నీడనే బతికింది. మాలాంటి వాళ్ళం మాత్రం చలికాలం రాగానే బస్సులెక్కి, చెట్టు లేని చోటు వెతుక్కుంటూ పోతాం.

నేను చాపలు చుట్టమనేలోపే బిడారు పెద్ద గురవయ్య మామ చక్రాల కింద రాళ్ళు తీయించేశాడు. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు కనిగిరి డిపోలో డ్రైవరు. నా మొహం చూస్తే లెక్క తెలిసిపోతుందట ఆయనకు.

మా ఆయన ఏసోబు ఊపిరి బలం కొలిచే ఊదుడు గొట్టం ఊదాడు. రెండొందల పది. డాక్టరమ్మ రెండొందల యాభై ఉండాలంది.

డిసెంబరు 29. గుండ్లకమ్మ ఇసుక. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 47.

ఇక్కడ కూడా మొలిచాయి. నది పారడం మానేసిన చోట, ఇసుక మేట మీద, నడుమెత్తు దగ్గుచెట్లు పూత పట్టి నిలబడ్డాయి. దగ్గరికెళ్ళి చూశాను. ఒక్కదానికీ నంబరు బిళ్ళ లేదు. అంటే సర్కారు నాటినవి కావు.

ఊళ్ళో వాళ్ళే నాటారని గురవయ్య మామ తీర్మానించాడు. మనం రావడం ఇష్టం లేక చేశారని ఆయన వాదన. బస్సుల్లో వాళ్ళంతా అవునవునన్నారు. తప్పు మోయడానికి ఎవరో ఒకరు దొరికితే అందరికీ కాస్త ఊపిరి ఆడుతుంది. నేను మజిలీలు వెతకడానికి వాడే ముందుబండి వేసుకుని ఊళ్ళోకి పోయి అడిగాను. కడవలు కడుగుతున్న ఆడవాళ్ళు నన్ను వింతగా చూశారు. ఇసుకలో ఏముందని, మేం అటు వచ్చి మూడేళ్ళయిందన్నారు. దాహానికి నీళ్ళిచ్చి పంపారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. అదింకా చిరాకు.

తిరిగి వచ్చేసరికి ఏసోబు గాలిగుడ్డలు ఉతుకుతున్నాడు. ప్రతి ఇంటిబస్సు నెత్తినా ఒక ఫ్యాను లోపలికి గాలి లాగుతుంది. దానికి అడ్డంగా నాలుగు మడతల గుడ్డ కడతాం. దారిలో ఉన్న దుమ్మూ పుప్పొడీ అంతా ఆ గుడ్డ పట్టుకుంటుంది. వాటిని కుట్టేదీ ఉతికేదీ ఏసోబే. తొట్టి భుజాన వేసుకుని ఒక్కో బస్సు వెనక్కి పోతాడు. గుడ్డ విప్పుతాడు, దులపకుండా తడిపి ఉతుకుతాడు, ఆ నీళ్ళు అక్కడే చిన్న గుంట తీసి పోసి మట్టి కప్పుతాడు. ఒక బస్సు నీళ్ళు ఇంకో బస్సు దగ్గర పోయడు. ఎవరి దుమ్ము వాళ్ళ దగ్గరే పూడాలి, అది బిడారు కట్టుబాటు. ఏ మజిలీ అయినా మేం లేచి వెళ్ళాక అక్కడ మనుషులున్నట్టు తెలియకూడదని ఏసోబు పట్టుదల.

నేను బస్సుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"ఏందే, కాలుగాలిన పిల్లిలాగా. కాసేపు కూచోరాదా?" అన్నాడు.

కూచోలేనని చెప్పాను. ఆయన మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి ఈల వేస్తోంది. ఆ ఈల వినపడిందంటే నా కాళ్ళు ఒకచోట నిలవవు. ఈ రోజు గొట్టం నూట తొంభై.

జనవరి 2. ఎర్రకొండ (ముందుబండిలో నేనొక్కదాన్నే). గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 52.

బిడారును ఇసుకలోనే ఉంచి, నేను ఒక రోజు దూరం ముందుకొచ్చాను. ఎర్రకొండ కింద మేం పోయినేడు ఒక్కసారే ఆగాం, పదమూడు రోజులున్నాం. ఊరు లేదు, బాట లేదు, మేకలు కూడా రావు. అందుకే దీని మీద ఆశ పెట్టుకున్నాను. బండి దిగగానే కళ్ళు మండాయి.

బిళ్ళ కర్రకు కట్టాను. మధ్యాహ్నం దాకా చేసేదేమీ లేదు, కూర్చుందామంటే చేతకాదు. మొక్కల మధ్య అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. అవి కొండంతా లేవు. ఒక్క వరసలోనే ఉన్నాయి, పొదలు పొదలుగా. పొదకూ పొదకూ మధ్య అడుగులు వేశాను. పధ్నాలుగు. మళ్ళీ పధ్నాలుగు. ఐదో పొద తర్వాత ఇరవై ఎనిమిది. ఆ తర్వాత మళ్ళీ పధ్నాలుగు.

బస్సుకూ బస్సుకూ మధ్య పధ్నాలుగు అడుగులు వదిలి నిలపాలన్న నియమం పెట్టింది నేనే.

పొదలు ఎనిమిది. ఆరో చోటు ఖాళీ. పోయినేడు మా ఆరో బస్సు గేరుబాక్సు పోయి కనిగిరిలోనే ఆగిపోయింది, ఎర్రకొండకు రాలేదు. దాని చోటు ఖాళీగా వదిలే మిగతావి నిలిపాం.

ఆ ఖాళీలో చాలాసేపు నిలబడ్డాను. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. అటు ఐదు పొదలు, ఇటు మూడు. ఒక్కో పొదా బస్సు వెనక చక్రం ఆగిన చోటికి రెండు బారల దూరంలో ఉంది. అది ఏసోబు గుంట తీసే చోటు.

 మధ్యాహ్నం బిళ్ళ కర్ర నుంచి విప్పుకుని, బండి ఇసుక వైపు తిప్పాను.

జనవరి 3. గుండ్లకమ్మ ఇసుక. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 48.

ఏసోబు కునుకు తీస్తున్నప్పుడు తొట్టి అడుగున మిగిలిన మడ్డి చెంచాతో తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మడ్డి చూడలేదు. నా చూపంతా గాజుబిళ్ళ మీదే. బిళ్ళకు అంటుకునేది గాలిలో తేలే రేణువు. ఫ్యాను లాగేది అంతకన్నా చాలా ఎక్కువ.

మడ్డిలో విత్తనాలున్నాయి. ఆవగింజలో పదోవంతు కూడా ఉండవు, ఒక పక్కన పొర. ఆ చెంచాడులో లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండొందల దగ్గర ఆపేశాను. చెట్ల మధ్య రోడ్ల మీద రోజంతా వాటిని గుడ్డల్లో పట్టుకుంటాం. చెట్టు లేని చోటికి తీసుకొస్తాం. గుంట తీసి, నీళ్ళు పోసి, మట్టి కప్పుతాం. రైతు కూడా అంత శ్రద్ధగా విత్తడు.

మేం ఎంచుకున్న ప్రతి మంచి చోటూ మేం ఎంచుకోవడం వల్లే పాడైంది. ఎంచింది నేను. గుడ్డలు దులపొద్దు, ఉతకండి అని మొదటి ఏడు అందరికీ నేర్పిందీ నేనే.

ఏసోబుకు ఎలా చెప్పాలి? ఈ మనిషికి ఉన్న ఒకే ఒక్క గర్వం ఆ గుడ్డలు. ఈ రోజు గొట్టం నూట డెబ్బై.

జనవరి 4. గుండ్లకమ్మ ఇసుక. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 47.

చెప్పేశాను. మధ్యాహ్నం తొట్టి ఎత్తబోతుంటే చెయ్యి పట్టుకుని కూచోబెట్టాను. నేను కూచోమనడమే ఆయనకు అనుమానం తెప్పించింది. మొత్తం విన్నాడు.

"ఆరో చోట ఏం లేదా?" అన్నాడు చివరికి.

"ఏం లేదు. గడ్డి."

ఎత్తబోయిన తొట్టిని బోర్లించాడు.

"పదిహేనేళ్ళు తోటమాలి పని చేశానన్నమాట. ముందే తెలిస్తే జీతం అడిగేవాణ్ణి గదే."

నవ్వబోయి దగ్గులో పడ్డాడు. వీపు రాస్తూ కూర్చున్నాను. తప్పు నాదేనని, ఉతకమన్నది నేనేనని చెప్పాను. ఆ మాట పట్టించుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళ వంక చూసుకున్నాడు. ఉతికి ఉతికి ఆ గోళ్ళు ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉంటాయి. మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన గుడ్డలు ఉతకని రోజు ఇదే మొదటిది. నాకు ఆయన్ను తిట్టాలనీ, పట్టుకుని ఏడవాలనీ, బండెక్కి ఎటో పోవాలనీ ఒకేసారి అనిపించింది. మూడూ చెయ్యలేదు.

రేడియోలో డాక్టరమ్మ దొరికింది. లెక్క చెప్పాను. నూట యాభైకి దిగితే ఆస్పత్రి గాలిపెట్టెలో పెట్టినా వెనక్కి రావడం కష్టం అంది. మందుతో అయ్యే పని కాదట. నలభై రోజులు ఆపకుండా శుభ్రమైన గాలి కావాలంది. పది లోపు, వీలైతే ఐదు లోపు.

ఐదు లోపు ఉన్న చోటు నా పుస్తకాల్లో ఒక్కటే ఉంది.

జనవరి 5. గుండ్లకమ్మ ఇసుక. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 47.

అందరినీ పిలిచి చెప్పాను. కొందరు నమ్మలేదు. కొందరు నమ్మి నా మీద అరిచారు. నాలుగో బస్సు ముసలామె తన గాలిగుడ్డ విప్పి తెచ్చి, ఏసోబు ముందు పెట్టి, దాన్ని కాల్చెయ్యమంది. ఆమె కోపంతో అనలేదు, అయినా ఆయన మొహం నేను చూడలేకపోయాను. ఇకనుంచి గుడ్డలు మరగబెట్టి ఉతకాలి, మడ్డి వడగట్టి పొయ్యిలో వెయ్యాలి అని తీర్మానం అయింది. మరిగితే ఆ విత్తనం చస్తుందా లేదా అని నిన్న ఒక గిన్నెలో మరగబెట్టి, గోరుతో చితిపి చూశాను. చస్తుంది.

ఆ తర్వాత గురవయ్య మామ నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"అమ్మాయ్, సముద్రం వైపు ఉప్పు కొటారు ఒకటుందని మూడేళ్ళ కిందట నువ్వే అన్నావు. రెండే పడ్డాయన్నావు. మర్చిపోయాననుకున్నావా?"

నేనూ మర్చిపోలేదు. పీకల మీదకొచ్చిన రోజు కోసం దాచుకున్నాను. ఈశాన్యపు గాలి నేరుగా సముద్రం మీంచి ఆ మడుల మీదకు వస్తుంది. తొమ్మిది బస్సులూ తీసుకుని రేపే పోదామన్నాడు మామ. మాట బయటికి పొక్కగానే అందరూ అదే అన్నారు. పొద్దున ఎనిమిది పొదల సంగతి విన్నవాళ్ళు, పొద్దుగూకేసరికి ఇంకో చోటికి సిద్ధం. వాళ్ళను అనడమెందుకు, నా కాళ్ళు కూడా అప్పుడే బండి వైపు లాగుతున్నాయి.

ముందు నేను వెళ్ళి చూసొస్తానన్నాను. ఏసోబు నూట అరవై రెండు.

జనవరి 7. ఉప్పు కొటారు. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 2.

గట్టుకు ఇవతలే బండి ఆపించారు. ఆపించింది ఆదెమ్మ అనే ఆమె, కొటారు పెద్ద. నా వయసే ఉంటుంది, మోకాళ్ళ దాకా బురద. మడులు తొక్కే రోజులు ఇవి. ఉప్పునీళ్ళు పెట్టే ముందు మడి అడుగు గట్టిపడాలని పదిమంది వరసగా నిలబడి కాళ్ళతో తొక్కుతున్నారు.

మూడేళ్ళ కిందట నేను ఈ గట్టు మీదకు రాలేదు. దూరాన కర్ర పాతి, లెక్క చూసుకుని, మురిసిపోయి వెళ్ళిపోయాను. దగ్గరికి వస్తే తెలిసింది. గట్ల మీద ఆడవాళ్ళు వంగి చిన్న చిన్న మొలకలు పీకి ఒడిలో వేసుకుంటున్నారు. దగ్గుచెట్టు మొలకలే. దాని వేరు దిగితే గట్టు పగిలి మడి కారిపోతుందట. అందుకని రోజూ పొద్దున్నే రెండు గంటలు అందరూ పీకుతారు. పద్ధెనిమిదేళ్ళ నుంచి.

నేను వచ్చిన పని చెప్పాను. ఏదీ దాచలేదు, గుంటల సంగతి కూడా చెప్పాను. ఆదెమ్మ ఒళ్ళో మొలకలు కుప్పగా పోసి, నా వైపు చూసింది.

"గాలి దానంతటది మంచిదవలా తల్లీ. మా నడుములు పడిపోతన్నాయి, అందుకు మంచిగుండాది."

బస్సు ఒక్కటి కూడా గట్టెక్కడానికి వీల్లేదంది. నేను బతిమాలాను. మా ఆయన సంగతి, గొట్టం లెక్క, డాక్టరమ్మ మాట చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి వాళ్ళ వాళ్ళతో మాట్లాడి వచ్చింది. ఒక్క మనిషి రావచ్చు. ఖాళీ గుడిసె ఒకటే, మంచినీళ్ళు ట్యాంకరు కొలిచి పోస్తుంది, ఇద్దరికి చాలవు. గుండు చేయించుకుని రావాలి. ఒంటి మీది గుడ్డ కూడా ఇవతలే వదిలి, ఉప్పునీటి మడిలో మునిగి, వాళ్ళిచ్చిన పంచె కట్టుకోవాలి. చేతనైనంత సేపు మొలకలు పీకాలి. ఒకసారి బయటికి పోతే పూత అయ్యేదాకా మళ్ళీ రానివ్వరు.

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను.

జనవరి 9. ఉప్పు కొటారు గట్టు ఇవతల. లెక్క చూడలేదు.

గురవయ్య మామే ఏసోబుకు గుండు గీశాడు. గీస్తున్నంతసేపూ ఏసోబు తల తిప్పకుండా జోకులు వేశాడు. దారిలో ముందుబండిలో పడుకోబెట్టి, తడిగుడ్డ మొహాన కప్పి తెచ్చాను. నూట యాభై ఐదు.

తనకు వెళ్ళాలని లేదన్నాడు. నాటినవాణ్ణి నేనే ఇసుకలో కూచుని పీకుతానన్నాడు. పీకడానికి ముందు నువ్వు బతకాలని అరిచాను. ఆ అరుపుకు గట్టు మీద ఆడవాళ్ళు పని ఆపి చూశారు. అరవకుండా చెప్పడం నాకెప్పుడూ రాదు, భయం వేసినప్పుడు అసలే రాదు.

చొక్కా విప్పి నా చేతికిచ్చాడు.

"నువ్వు లేకుండా ఎన్నాళ్ళు ఉండాలో చెప్పబాక. ఇసుక కాడ ఇరవై లోపుకి వచ్చిన రోజున వచ్చి నన్ను తీసకపో. నీ పుస్తకంలో రాసుకున్న నియమమే గదా అది."

సరేనన్నాను. ఉప్పునీళ్ళలోకి దిగి మూడు మునకలు వేశాడు. అవతలి గట్టు ఎక్కేటప్పుడు ఆదెమ్మ చెయ్యి అందించింది. నేను బండి తిప్పుకుని వచ్చేశాను. అక్కడే నిలబడితే నేనూ మునిగేదాన్ని, ఇరవై తొమ్మిది మంది ఇసుకలో నా కోసం చూస్తున్నారు.

జనవరి 12. గుండ్లకమ్మ ఇసుక. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 49.

ఇంకెక్కడికి పోదామని అడిగితే ఎక్కడికీ పోవద్దన్నాను. ఇక్కడి మొక్కలు మేం నాటినవి. నంబరు బిళ్ళలు లేవు, పీకితే కేసు లేదు. మొహాలకు తడిగుడ్డలు కట్టుకుని మొదలుపెట్టాం. పూత ఉన్న మొక్క మీద ముందు తడిగోనె కప్పాలి, అప్పుడు పీకాలి. మొదటి రోజే ఏడుగురు దగ్గుతో పడిపోయారు.

మజిలీ చూసే మనిషిని, కూలీకి దిగాను. సాయంత్రానికి నడుము పట్టేసింది. ఆదెమ్మ మాట గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

జనవరి 20. గుండ్లకమ్మ ఇసుక. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 36.

పది రోజులుగా ఈ చోటు వదలకపోవడం నాకు జైల్లా ఉంది. పొద్దున్నే లేవగానే చెయ్యి బండి తాళం మీదకు పోతుంది. ఎక్కడో ఇంకా మంచి చోటు ఉందని, నేను పోయి చూడకపోవడం వల్లే మాకు దొరకలేదని మనసు ఊరికే గోల పెడుతుంది. నాకు కుదురు లేదని మా అమ్మ అంటుండేది, ఆ కుదురులేనితనానికే ఈ బిడారు ఉద్యోగం ఇచ్చింది. ఇప్పుడు అది పనికిరాకుండా పోయింది.

ఉప్పు లారీ అతను వారం పది రోజులకోసారి ఇటు వస్తాడు. ఏసోబు లెక్క కాగితం తెచ్చాడు. నూట డెబ్బై ఎనిమిది. కింద వంకర అక్షరాలతో, గుండు మీద వెంట్రుకలు వస్తున్నాయి, నీకేమైనా కావాలంటే దాచిపెడతా అని రాశాడు. ఆ కాగితం దిండు కింద పెట్టుకున్నాను.

జనవరి 30. గుండ్లకమ్మ ఇసుక. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 22.

పెద్ద మొక్కలన్నీ అయ్యాయి. ఇప్పుడు వేలెడంత మొలకలు. ఊళ్ళో కడవలు కడిగిన ఆడవాళ్ళు నలుగురు వచ్చి, ఏం చేస్తున్నారని అడిగి, కాసేపు తామూ పీకి వెళ్ళారు. మేకల మేతకు పనికొస్తాయట.

లారీ అతనితో ఏసోబుకు కబురు పంపాను, ఇరవై రెండు అని. రెండే ఎక్కువ. ఆనందం పట్టలేక పంపాను, అంతకన్నా కారణం లేదు.

ఫిబ్రవరి 2. గుండ్లకమ్మ ఇసుక. గాలి ఈశాన్యం. గాజుబిళ్ళ మీద 19.

మూడుసార్లు లెక్కపెట్టాను. గురవయ్య మామకూ చూపించాను. పందొమ్మిది. ఆ బిళ్ళ పక్కన పెట్టి, ఏసోబు చొక్కా మరగబెట్టి ఆరవేసి, కొత్త సంచిలో మూతి కట్టి, మర్నాడు తెల్లారకముందే బయల్దేరాను. దారంతా పాడుకుంటూ పోయాను, నాకు పాట రాదు. ఇది మూడో తేదీ సాయంత్రం రాస్తున్నాను.

బండి రెండు మైళ్ళ అవతల ఆపి నడిచి వెళ్ళాను. ఏసోబు గట్టు మీద వరసలో ఉన్నాడు. నన్ను చూసి కూడా వరస ఆపలేదు, చివరిదాకా పీకి, మొలకలు బుట్టలో పోసి, అప్పుడు వచ్చాడు. ఉప్పునీటి కాలవకు అటు ఆయన, ఇటు నేను. నల్లబడ్డాడు. బుగ్గల్లో కాస్త కండ వచ్చింది. ఊదుడు గొట్టం ఊది చూపించాడు. రెండొందల పద్ధెనిమిది.

ఊరికే మాట్లాడుకున్నాం. ఆదెమ్మ కూరల్లో ఉప్పు వెయ్యదట, ఉప్పు మధ్య ఉండి చప్పిడి తింటున్నాడట. మడి తొక్కడం నేర్చుకున్నాడట. నాలుగో బస్సు ముసలామె ఎలా ఉందని అడిగాడు. చెబుతున్నాను గానీ నా చెవులు ఇంకెక్కడో ఉన్నాయి. ఏదో తక్కువైంది, ఏమిటో అందడం లేదు. అప్పుడు తెలిసింది. ఈల లేదు. పదకొండేళ్ళ కిందట ఆ ఈల మొదలైనప్పటి నుంచి ఆయన మాట అది లేకుండా నేను వినలేదు. ఆయన గొంతు ఇలా ఉంటుందని మర్చిపోయాను.

నలభై రోజులకు ఇరవై ఐదే అయ్యాయి. ఆ పందొమ్మిది ఇరవై లోపే, ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, నా నియమం అదే చెబుతుంది. కానీ పందొమ్మిదిలో వారం తిరిగేసరికి ఆ ఈల మళ్ళీ వస్తుంది. వస్తే ఈ గట్టు మళ్ళీ ఎక్కనివ్వరు.

"ఇంతకీ ఎంత?" అన్నాడు. చూపు నా చేతిలో సంచి మీద ఉంది.

"ముప్పై నాలుగు," అన్నాను.

చాలాసేపు నా మొహం చూశాడు. మొన్న పంపిన ఇరవై రెండు ఆయన దగ్గర ఉంది. నేను సంచి వెనక్కి పెట్టుకున్నాను.

"గాలి మళ్ళిందేమోలే," అన్నాడు.

"మళ్ళింది. పడమర నుంచి కొడతాంది."

మా ఇద్దరి మొహాలకూ సముద్రం గాలే కొడుతోంది, ఈశాన్యం నుంచి. సరే, జాగ్రత్తగా పో అన్నాడు. రోడ్డు దాకా వెళ్ళి తిరిగి చూస్తే మళ్ళీ వరసలో వంగి ఉన్నాడు.

పదిహేనేళ్ళలో నేను తప్పు చెప్పిన లెక్క ఇదొక్కటే. పుస్తకంలో మాత్రం పందొమ్మిది అనే రాశాను.